కొలత తెలియని కొనుగోలు కొరివే!

కలప ఎంపికలో పేరు కాదు... చేవ, తేమ, ముద్ర ప్రధానం

సూరత్: ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న తెలుగు సామెత సూరత్ నగరంలోని కలప అడితుల వద్ద అక్షరాలా వర్తిస్తుంది. ఇంటికి ఒక మంచమో, అలమరో, పూజామందిరమో చేయించుకోదలచిన సామాన్య గృహస్థు అడితిలో అడుగు పెట్టగానే ముందుగా అతని చెవిన పడేవి పేర్లు. వల్సాడీ సాగ్, సీపీ టేకు, ఘనా టేకు, మలేషియా సాల్, మెరైన్ ప్లై... ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ధర. ఆ ధర చెల్లించి తెచ్చుకున్న చెక్క తొలి వానకే ఉబ్బి తలుపు బిగుసుకుపోయినా, మరుసటి వేసవిలో నెర్రెలు విచ్చినా, మూడో ఏట పుచ్చు పట్టి పొడి రాలినా నష్టం మాత్రం కొన్నవాడిదే.

జరీకి, కృత్రిమ పట్టుకు, వజ్రాల సానకు పేరుపొందిన ఈ నగరం తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాలలో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ విద్యా సమితి తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తూ వచ్చిందంటే ఈ జనసంఖ్య ఏపాటిదో గ్రహించవచ్చు. ఒకటి రెండు గదులలో సంసారం గడిపే ఇటువంటి కుటుంబాలకు ఒక అలమర, ఒక మంచం కొన్నేళ్ళ పొదుపుతో సమానం. కలప కొనుగోలులో ఒక్క తప్పటడుగు పడినా ఆ పొదుపు నీళ్ళపాలు కాక తప్పదు.

మోసానికి అవకాశం ఎక్కడ ఉన్నది, దానిని అరికట్టడానికి కొనుగోలుదారు ఏమి చూడాలి అన్నది తెలుసుకోవాలంటే, ముందుగా సూరత్‌కు కలప ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి.

నౌకల కాలం నుంచి దిగుమతుల కాలానికి

ఒకప్పుడు సూరత్‌కు కలప కొరత అంటే ఏమిటో తెలియదు. నగరానికి ఆగ్నేయాన ఉన్న డాంగ్ అడవుల టేకు దేశంలోనే మేలైన కలపగా పేరు పొందింది. తాపీ నది ఒడ్డున నౌకా నిర్మాణం వర్ధిల్లడానికి ఆ కలపే ఆధారం. సూరత్‌లో నౌకా నిర్మాణ మేస్త్రీగా ఉన్న లౌజీ నసర్వాన్‌జీ వాడియాను ఈస్టిండియా కంపెనీ 1736 ప్రాంతంలో బొంబాయికి రప్పించి అక్కడి రేవు నిర్మాణం అప్పగించింది. ఆ వంశీయులు బొంబాయిలో నిర్మించి 1817లో జలప్రవేశం చేయించిన ‘ట్రింకోమలీ’ అనే టేకు యుద్ధనౌక నేటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో నీటిపై తేలుతూ ఉండటం విశేషం. రెండు శతాబ్దాలు దాటినా చెడని టేకు మన్నికకు అంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

నౌకలకు కావలసిన కలప కోసమే ఆంగ్లేయులు 1840 దశకంలో భిల్లు నాయకుల నుంచి డాంగ్ అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ నాయకుల వారసులకు ఏటా హోలీకి ముందు ఆహ్వాలో జరిగే ‘డాంగ్ దర్బార్’లో ప్రభుత్వం నేటికీ భరణం చెల్లిస్తున్నది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో బరోడా గైక్వాడ్ సంస్థానం బిలిమోరా నుంచి వాఘాయ్ వరకు 63 కిలోమీటర్ల నారో గేజ్ రైలు మార్గం వేయించడానికి కూడా ప్రధాన కారణం ఈ కలపే.

ఆ పరిస్థితి క్రమేపీ మారిపోయింది. అడవులను ఆదాయ వనరుగా కాక పర్యావరణ సంపదగా చూడాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, ఆమోదిత కార్యప్రణాళిక లేకుండా అడవులలో చెట్లు నరకడం దేశవ్యాప్తంగా నిలిచిపోయింది. అనుమతి లేని రంపపు మిల్లులు మూతపడ్డాయి. అటవీ శాఖ డిపోల వేలంలో దొరికే దేశవాళీ టేకు గిరాకీకి ఏమాత్రం చాలకపోవడంతో విదేశీ దుంగలు ఆ లోటును భర్తీ చేశాయి. కచ్ఛ్‌లోని కాండ్లా రేవు, దానిని ఆనుకొని ఉన్న గాంధీధామ్ పట్టణం దిగుమతి కలపకు దేశంలో ప్రధాన కేంద్రాలుగా రూపొందాయి. బర్మా టేకుకు పేరుపడ్డ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించిన అనంతరం ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటలలో పెరిగిన టేకు రాక మరింత పెరిగింది.

దీనివలన కలిగిన పరిణామం ఒక్కటే. పూర్వం కొనుగోలుదారుకు తన కలప ఏ అడవిలో పెరిగిందో తెలిసేది. నేడు అది ఏ ఖండంలో పెరిగిందో కూడా తెలియదు. తెలిసేది వర్తకుడు చెప్పే పేరు మాత్రమే.

పేరు వేరు, చేవ వేరు

టేకు అన్న ఒక్క మాటలో వందేళ్ళు అడవిలో పెరిగిన చెట్టూ ఉన్నది, 20 ఏళ్ళు తోటలో పెరిగిన చెట్టూ ఉన్నది. రెండూ ఒకే జాతి. కాని రెండింటి మన్నిక ఒకటి కాదు. ఈ వ్యత్యాసానికి మూలం చేవలో ఉన్నది. చెట్టు కాండం నడిమి భాగాన ముదురు రంగులో గట్టిపడిన కట్టెను తెలుగు వడ్రంగులు చేవ అంటారు. టేకులో చెదలను దూరంగా ఉంచే సహజ రసాయనాలు చేరేది ఈ చేవలోనే. బెరడును ఆనుకొని ఉండే తెల్లకట్టెలో అవి ఉండవు. పైగా అందులోని పిండి పదార్థం పురుగును ఆకర్షిస్తుంది. లేత చెట్టులో తెల్లకట్టె పాలు అధికం. అందువలన ‘అసలు టేకు’ అన్న హామీతో కొన్న పలకకు సైతం ఒక అంచున పుచ్చు పట్టడం సాధ్యమే.

కాబట్టి టేకు కొనేవారు పలక రెండు ముఖాలనూ, నాలుగు అంచులనూ తిరగవేసి చూడటం అవసరం. తెల్లని చార ఎంత వెడల్పున ఉన్నది, అది అతుకు వచ్చే చోట పడుతున్నదా, ముడులు ఎన్ని, అవి బిగిసి ఉన్నవా లేక ఊడిపోయే స్థితిలో ఉన్నవా అన్నది గమనించాలి. చిత్రిక పట్టిన టేకును తాకితే కొద్దిపాటి జిడ్డు తగులుతుంది, తోలు వంటి వాసన వస్తుంది. రంగు పూసి టేకు పేరిట అమ్మే ఇతర కలపలో ఈ రెండూ ఉండవు. పాలిష్ చేసిన నమూనాను కాక, అక్కడికక్కడే చిత్రిక పట్టించిన పచ్చి ముఖాన్ని చూసి నిర్ణయించుకోవడం క్షేమకరం.

అన్ని పనులకూ టేకే కావాలన్నది కూడా అపోహే. గుజరాతీలు ‘సాదడ్’ అని పిలిచే నల్లమద్ది, ‘బియో’ అనే వేగిస దక్షిణ గుజరాత్ అడవులలోనూ, తెలుగునాట అడవులలోనూ పెరిగే గట్టి జాతులు. ద్వారబంధాలకు, మంచం కోళ్ళకు ఇవి చక్కగా పనికివస్తాయి. న్యూజిలాండ్ నుంచి వచ్చే పైన్ కలప తేలికగా ఉండి పని సులువవుతుంది. ఇంటి లోపలి అరలకు, పిల్లల బల్లలకు అది చాలును. అయితే దానికి చెదలను తట్టుకునే సహజ శక్తి లేదు. ఔషధ శుద్ధి జరగని పైన్‌ను నేలకు ఆనే చోట, తడి తగిలే చోట వాడరాదు.

తేమే అసలు శత్రువు

జాతి తరువాత చూడవలసినది తేమ. ఈ అంశాన్ని కొనుగోలుదారులు తరచుగా విస్మరిస్తారు. వడ్రంగి మీద పడే నిందలలో అనేకం నిజానికి తేమ మీద పడవలసినవి.

పచ్చి కట్టెలో నీరు రెండు విధాలుగా ఉంటుంది. కణాల బోలులో ఉన్న నీరు మొదట ఆవిరవుతుంది. ఆ దశలో కట్టె కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాత కణాల గోడలలోని నీరు పోవడం మొదలవుతుంది. కట్టె కుంచించుకుపోవడం, మెలిపడటం, పగలడం అప్పటి నుంచే. పైగా ఈ కుంచింపు అన్ని దిశలలో సమానం కాదు. వలయాల వెంబడి కలిగే కుంచింపు, నడిమి నుంచి బెరడు వైపు కలిగే కుంచింపుకు దాదాపు రెట్టింపు. అడ్డకోత పలక బోర్లగిన్నెలా వంగడానికి ఇదే కారణం.

ఎండిన కట్టె సైతం గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. ఏడాదిలో కురిసే వర్షమంతా దాదాపుగా జూన్–సెప్టెంబరు మధ్యనే పడే సూరత్‌లో, సముద్రపు గాలి కూడా తోడవుతుంది గనుక ఈ మార్పు అధికం. దేశాన్ని వాతావరణ మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఏ పనికి కలపలో ఎంత తేమ ఉండవచ్చునో భారతీయ ప్రమాణాల సంస్థ తన ఐ.ఎస్. 287 ప్రమాణంలో నిర్దేశించింది. స్థూలంగా చెప్పాలంటే, ఇంటి సామానుకు వాడే కలపలో తేమ 10 నుంచి 14 శాతం మధ్య ఉండటం శ్రేయస్కరం.

పెద్ద అడితులలో తేమమాపక యంత్రం ఉంటుంది. దానిని పలక కొనపై కాక నడిమి భాగంలో గుచ్చి చూపమని అడగాలి. కొనలు ముందుగా ఆరిపోతాయి గనుక అక్కడ వచ్చే అంకె నమ్మదగినది కాదు. యంత్రం లేనిచోట ఇంటి పద్ధతి ఒకటి ఉన్నది. పలక నడిమి నుంచి కోసిన చిన్న ముక్కను తూచి, ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి మళ్ళీ తూచాలి. 60 గ్రాముల ముక్క 50 గ్రాములకు దిగితే పోయిన నీరు 10 గ్రాములు. ఎండిన బరువుతో పోలిస్తే అది 20 శాతం. అటువంటి కలపతో అలమర చేయిస్తే మరుసటి వేసవికి అతుకులు విడిపోవడం తథ్యం.

నీడలో, గాలి ఆడే చోట సహజంగా ఆరడానికి అంగుళం మందం పలకకు ఒక ఏడాది పడుతుందన్నది వడ్రంగుల వాడుక లెక్క. కొలిమి వంటి గదులలో వేడిగాలితో ఆరబెట్టిన కలప కొన్ని వారాలలోనే సిద్ధమవుతుంది. ఏ విధంగా ఆరినదైనా, కొన్న కలపను మధ్య మధ్య సన్నని పుల్లలు ఉంచి ఇంట్లోనే రెండు మూడు వారాలు పేర్చి ఉంచిన తరువాతనే పని మొదలుపెట్టడం మంచిది. ఇంటి గాలికి కట్టె అలవాటుపడే వ్యవధి అది. వానాకాలంలో ఆరుబయట తడిసిన పలకలు చవకగా వచ్చినా కొనకపోవడమే లాభం.

లెక్కలో పోయేది ఎంత?

కలప వ్యాపారంలో నష్టానికి మూడో ద్వారం కొలత. అటవీ శాఖ వేలంలో కలపను ఘనపు మీటర్లలో లెక్కిస్తారు. అడితిలో ఘనపుటడుగులలో అమ్ముతారు. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు.

కోసిన కలపకు లెక్క సులభం. వెడల్పు, మందం అంగుళాలలోనూ, పొడవు అడుగులలోనూ తీసుకొని మూడింటినీ హెచ్చించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఉదాహరణకు 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గల ద్వారబంధానికి నాలుగు వైపులా కలిపి 21 అడుగుల కమ్మి కావాలి. కమ్మి 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉంటే 4, 3, 21లను హెచ్చించగా వచ్చిన 252ను 144తో భాగించాలి. ఒకటిముప్పావు ఘనపుటడుగులు తేలుతుంది.

అయితే 4–3 కమ్మి పేరిట ఇచ్చే కలప రంపపు కోత, చిత్రిక పోగా మూడుముప్పావు – రెండుముప్పావు అంగుళాలకు దిగి ఉండవచ్చు. అంగుళంలో పావు వంతే కదా అనిపిస్తుంది. కాని లెక్క కడితే అదే ద్వారబంధంలో ఉన్న కలప ఒకటిన్నర ఘనపుటడుగులు మాత్రమే. అంటే కొనుగోలుదారు చెల్లించిన ధరలో దాదాపు 14 శాతానికి కలప ముట్టలేదన్నమాట. ధర విషయంలో గంటసేపు బేరమాడి 5 శాతం తగ్గించుకున్న గృహస్థు, టేపు తీయకపోవడం వలన 14 శాతం పోగొట్టుకుంటున్నాడు. కోతకు ముందరి కొలతకా, తరువాతి కొలతకా ధర అన్నది ముందుగానే తేల్చుకోవడం ఇందుకే అవసరం.

గుండ్రని దుంగ కొనేవారికి లెక్క మరో విధం. 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ హాప్పస్ పేరిట వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతిలో దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును అంతతోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. వాస్తవానికి అందులో ఉన్న కట్టె 12.73 ఘనపుటడుగులు. చెక్కివేతకు, తరుగుకు వదిలిన భాగం అది. రెండు అడితుల ధరలు పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే పద్ధతిలో కొలుస్తున్నారా లేదా అన్నది తేల్చుకోకుంటే చవక ఏదో, ప్రియం ఏదో బోధపడదు.

బోర్డులలో ఎన్ని రకాలు?

కలప ధర అందనంత ఎత్తుకు చేరడంతో మధ్యతరగతి ఇళ్ళలో అలమరలు, వంటింటి అరలు అత్యధికంగా యంత్రంపై తయారైన బోర్డులతోనే రూపొందుతున్నాయి. వీటి ముడిసరుకు అడవి నుంచి కాక రైతుల పొలాల నుంచి వస్తున్నది. హర్యానాలోని యమునానగర్‌లో పోప్లార్, కేరళలోని పెరుంబావూరులో రబ్బరు చెట్టు ప్లైవుడ్ పరిశ్రమకు ఆధారాలుగా ఉన్నాయి.

ప్లైవుడ్ అంటే చెట్టు కాండం నుంచి కాగితంలా ఒలిచిన పొరలను, ఒక పొర నార నిలువుగా, మరో పొర నార అడ్డంగా వచ్చేలా జిగురుతో అంటించి నొక్కిన పలక. ఈ అడ్డుపొరల వలననే అది కలపలా ఉబ్బడం, తగ్గడం జరగదు. ప్లైవుడ్ నాణ్యతను నిర్ణయించేది కట్టెతో సమానంగా జిగురే. బజారులో ఎం.ఆర్. అనే రకం గాలిలోని తేమను తట్టుకుంటుందే తప్ప నీటిలో నానడాన్ని తట్టుకోదు. బి.డబ్ల్యు.ఆర్. రకం జిగురు మరిగే నీటి పరీక్షను కొన్ని గంటలపాటు తట్టుకోవాలి. మెరైన్ ప్లైవుడ్‌లో వాడే బి.డబ్ల్యు.పి. జిగురు 72 గంటలపాటు మరిగే నీటిలో ఉంచినా విడిపోరాదు. సాధారణ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710 ప్రమాణాలు వర్తిస్తాయి.

బ్లాక్‌బోర్డు నడిమి భాగంలో కర్ర బద్దలు పేర్చి పైనా కిందా పొరలు అంటిస్తారు. బరువు తక్కువ. పొడుగాటి తలుపు రెక్కలకు, వెడల్పు అరలకు అనుకూలం. కొనేటప్పుడు కోసిన అంచున బద్దల మధ్య సందులు ఉన్నవేమో చూడాలి. ఎం.డి.ఎఫ్. కట్టెను నారగా చేసి జిగురుతో వత్తిన బోర్డు. ముఖం నున్నగా ఉండి రంగు బాగా పడుతుంది. బరువు మాత్రం ఎక్కువ. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం గల పలక ప్లైవుడ్ అయితే సుమారు 34 కిలోలు, ఎం.డి.ఎఫ్. అయితే సుమారు 42 కిలోలు తూగుతుంది. పార్టికల్ బోర్డు చెక్క రవ్వలతో చేసినది. అన్నింటిలోకీ చవక. అంచున బిగించిన మర ఒకసారి ఊడితే మళ్ళీ పట్టు చిక్కదు.

ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డులలో సాధారణంగా వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది. ఇది మానవులలో క్యాన్సర్‌కు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. తక్కువ వాయువు వెలువరించే బోర్డులను ఇ–1, ఇ–0 అనే గుర్తులతో అమ్ముతారు. కిటికీలు తక్కువగా ఉండే చిన్న గదులలో ఈ గుర్తులకు ప్రాధాన్యం ఇవ్వడం మంచిది. అంచులన్నీ పట్టీతో మూసివేయించడం, కొత్త సామాను చేరిన గదికి కొన్ని వారాలు గాలి ధారాళంగా ఆడనివ్వడం అవసరం.

ఎన్ని పలకలు కొనాలన్నది ఇంటి వద్దనే కాగితంపై గీసుకొని వెళ్ళడం లాభదాయకం. 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల అలమరకు రెండు పక్కల చెక్కలు ఒక పలకలోనూ, రెండు తలుపు రెక్కలు మరో పలకలోనూ వస్తాయి. పైకప్పు, అడుగు, నాలుగు అరలు కలిపి ఆరు ముక్కలకు ఒకటిన్నర పలక పడుతుంది. మొత్తం 19 మిల్లీమీటర్ల పలకలు నాలుగు, వెనుక భాగానికి సన్నని పలక ఒకటి చాలును. మిగిలిన అర పలక మరో చిన్న బల్లకు పనికివస్తుంది. మందంలో పొదుపు చేయబోవడం మాత్రం తగదు. ఒకే జాతి బోర్డులో 12 మిల్లీమీటర్ల అర కంటే 19 మిల్లీమీటర్ల అర దాదాపు నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది. పలక అంచున కొలబద్ద పెట్టి, చెప్పిన మందం ఉన్నదో లేదో సరిచూసుకోవాలి.

వరద నేర్పిన పాఠం

ఏ చోట ఏ బోర్డు వాడాలన్న ప్రశ్నకు సూరత్‌లో వరదను విస్మరించి జవాబు చెప్పలేము. 2006 ఆగస్టు రెండో వారంలో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచివేసింది. నేల అంతస్తులలో రోజుల తరబడి నీరు నిలిచింది. అటువంటి నీటిలో నానిన పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. ఉబ్బి రవ్వగా విడిపోతాయి. ఆరిన తరువాత మళ్ళీ పూర్వరూపం దాల్చవు. గట్టి కలప మాత్రం నీడలో నిదానంగా ఆరితే తిరిగి వాడుకకు వస్తుంది. మంచి జిగురుతో చేసిన మెరైన్ ప్లైవుడ్ సైతం చాలావరకు నిలుస్తుంది.

నది పొంగకపోయినా ఈ పాఠం వర్తిస్తుంది. నేల తడిపి తుడిచే ప్రతి ఇంటా అలమర అడుగు భాగం ఏడాది పొడుగునా చిన్న వరదనే ఎదుర్కొంటున్నది. అందువలన అలమరకు అడుగున గట్టి కలప కోళ్ళు లేదా రాతి పీట వేయించి, బోర్డును నేలకు కనీసం నాలుగు అంగుళాల ఎత్తున ఉంచడం వివేకం. వంటింటి తొట్టి కింద బి.డబ్ల్యు.పి. రకం, గోడకు ఎత్తున బిగించే పొడి అరలకు ఎం.ఆర్. రకం వాడితే ఖర్చు తగ్గుతుంది, మన్నికా దక్కుతుంది. ఇల్లంతా మెరైన్ ప్లై వాడటం ఎంత వృథాయో, తొట్టి కింద చవక బోర్డు వాడటం అంతకు మించిన వృథా.

ముద్ర ఉంటే చాలదు

కంటితో చూసి ప్లైవుడ్‌లోని జిగురును గుర్తించడం నిపుణులకు కూడా సాధ్యం కాదు. ఈ కారణంగానే ప్రమాణాల ముద్రకు విలువ. కేంద్ర ప్రభుత్వం 2023లో ప్లైవుడ్, ఫ్లష్ తలుపులు, చెక్క ఆధారిత బోర్డులకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు వెలువరించింది. గడువు పొడిగింపుల అనంతరం 2025లో అవి అమలులోకి రావడం ప్రారంభమయింది. చిన్న, సూక్ష్మ పరిశ్రమలకు అదనపు వ్యవధి లభించింది.

అయితే ‘ఐ.ఎస్.ఐ.’ అన్న అక్షరాలు అచ్చుగుద్దినంత మాత్రాన సరుకు ప్రామాణికం కాజాలదు. ముద్రకు పైన ప్రమాణం సంఖ్య, కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ప్రమాణాల సంస్థ వారి ‘బి.ఐ.ఎస్. కేర్’ మొబైల్ యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుబాటులో ఉన్నదో లేదో తెలుస్తుంది. మెరైన్ పేరిట అమ్మే పలకపై 710కి బదులు 303 ఉంటే అది మెరైన్ కాదన్నమాట. ఈ పరిశీలనకు పట్టేది రెండు నిమిషాలు.

బిల్లు విషయంలోనూ ఉపేక్ష తగదు. ప్లైవుడ్‌పై 2017 జూలైలో 28 శాతంగా విధించిన జి.ఎస్.టి.ని అదే ఏడాది నవంబరులో 18 శాతానికి తగ్గించారు. పన్ను ఎగవేతకు ఆశపడి బిల్లు లేకుండా కొన్నవారికి, సరుకు నాసిరకమని తేలినప్పుడు వినియోగదారుల కమిషన్‌కు చూపడానికి ఆధారం ఉండదు. బిల్లుపై ‘ప్లై’ అని కాక రకం, మందం, ప్రమాణం సంఖ్య, పలకల సంఖ్య రాయించుకోవాలి. టేకు వంటి కలపను స్వగ్రామంలోని ఇంటి కోసం రాష్ట్రం దాటించదలచినవారు రవాణా అనుమతి నిబంధనలను ముందుగా అటవీ శాఖ వద్ద విచారించుకోవడం అవసరం.

ఓడల కలప చవకే, కానీ...

సూరత్ వాసులకు మరొక దారి కూడా ఉన్నది. ఖంభాత్ సింధుశాఖకు ఆవల భావనగర్ జిల్లాలోని అలంగ్ తీరంలో 1983 నుంచి పాత ఓడలను విడగొడుతున్నారు. వాటి నుంచి దించిన బల్లలు, తలుపులు, ప్లైవుడ్ పలకలు అక్కడి రహదారి వెంబడి దుకాణాలలో అమ్మకానికి ఉంటాయి. 2020 నవంబరులో హజీరా–ఘోఘా మధ్య ఓడ సర్వీసు ప్రారంభమైన తరువాత ఆ తీరం సూరత్‌కు మరింత చేరువయింది. ఏళ్ళ తరబడి ఆరిన గట్టి కలప తక్కువ ధరకు లభించడం ఇక్కడి ఆకర్షణ. కాని పాత ఓడల గోడ పలకలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. అందుచేత స్పష్టంగా కలప అని తెలిసిన సరుకును తప్ప, పొరల మధ్య తెల్లని లేదా బూడిదరంగు పదార్థం గల పలకలను ఇంటికి తెచ్చి కోయించడం ప్రమాదకరం.

డాంగ్ అడవులు నౌకలకు కలప అందించిన రోజులు తిరిగి రావు. రావాలని కోరుకోవడం కూడా సమంజసం కాదు. ఆ అడవులు నిలవడం నేటి అవసరం. దూరదేశాల దుంగ, పొలం గట్టున పెరిగిన చెట్టు, యంత్రంపై వత్తిన బోర్డు... ఇక మీదట గృహస్థుకు మిగిలిన ఎంపిక ఇదే. అడితికి బయలుదేరే ముందు జేబులో డబ్బుతో పాటు ఒక టేపు, కావలసిన ముక్కల పట్టీ ఉంచుకొని, తేమ ఎంత, చేవ ఎంత, ముద్ర ఏది అని మూడు ప్రశ్నలు అడగగలిగిన కొనుగోలుదారును పేర్లతో మభ్యపెట్టడం ఏ వర్తకుడికీ సులభం కాదు.